సంగతమ్మా అన్నారు ఆయన

జహీరాబాదులో మా బాపును పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. వాకిట్లో నిలబడి "తబలా ఉన్నడా ఇంట్ల?" అని అడిగేవారు. మా అమ్మకు ఒళ్లు మండేది. "మనిషి అడ్తికి పోయిండు, చెక్క ఇంట్లనే ఉన్నది. మీకు ఏది గావాలె?" అని ఎదురడిగేది. పగలంతా బాపు బెల్లం కొని అమ్మే అడ్తి దుకాణంలో గుమాస్తా. చెరకు ఆడే కాలంలో ఆయన ఇంట్లోకి వస్తే చొక్కాతో పాటు బెల్లం వాసనా వచ్చేది. కాళ్లు కడుక్కొని, చాయ్ తాగి, తబలా మూట చంకన పెట్టుకొని గడియారాల చాచా దుకాణానికి బయలుదేరేవాడు.

చాచా మాకు చుట్టం కాదు. గడియారాలు బాగుచేసే ఉర్దూ ఇంటి మనిషి. కాని ఊహ తెలిసినప్పటి నుంచి నాకు ఆయన చాచానే. దుకాణం వెనక గదిలో హార్మోనియం ముందు పెట్టుకొని ఆయన పాడుతుంటే బజారులో పోయేవాళ్లు ఆగేవారు. దర్గాలో కవ్వాలీ పాడేవాడు. ఝరాసంగం జాతరకు పిలిస్తే శివుని పాటలూ అంతే ప్రాణం పెట్టి పాడేవాడు. ఎక్కడ పాడినా నడుమ చాచా, కుడివైపు కొంచెం వెనక్కి బాపు. జనం చాచాను చూసేవారు. వాహ్ వాహ్ అంటే చాచానే అనేవారు. బాపు తల వంచుకొని వాయించుకుంటూ పోయేవాడు. ఆయనకు అందులో చిన్నతనం ఏమీ ఉన్నట్టు కనిపించేది కాదు. నాకే ఉండేది.

ఒక మరాఠీ నాటక కంపెనీ మా ఊరికి వచ్చి, దివాలా తీస్తే, అందులోవాళ్లు ఎవరి దారిన వాళ్లు పోయారు. ఫిడేలు వాయించే పెద్దాయన మాత్రం ఊళ్లోనే ఉండిపోయాడు. ఆయన దగ్గర నేను ఫిడేలు పట్టాను. యాభైల చివరి సంవత్సరాలు అవి. ఆడపిల్లకు ఫిడేలేందని మా వాడలో చాలామందికి నిద్ర పట్టలేదు. బాపు ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు. నాకు నాలుగు పాటలు రాగానే చాచా గదికి తీసుకుపోయి, చాచాకు ఎడమవైపు కూర్చోబెట్టాడు. అది కూడా కొంచెం వెనక్కే.

అక్కడ నేను నేర్చుకున్నది ఒక్కటే విద్య. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే సందులో వాయించి, వాళ్లు నోరు తెరవగానే తప్పుకోవడం. చాచా దాన్ని సంగత్ అనేవాడు. పాడేవారికి తోడుండటం అన్నమాట. కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా "ఆజ్ సంగత్ అచ్ఛీ రహీ", ఇవాళ సంగత్ బాగా కుదిరింది, అని లేచేవాడు. మా ఇంట్లో ఆ మాట తెలుగు మాటలాగానే తిరిగేది. సంగత్ కుదరకపోతే బాపుకు ఆ పూట అన్నం సహించేది కాదు. తప్పుకోవడంలో నాకు మంచి పేరే వచ్చింది. ఇంకొకరికి జాగా ఇవ్వడం నా చేతికి ఎంత అలవాటైందంటే, నా మనసు అనుకోకముందే నా చెయ్యి పక్కకు జరిగేది.

ఒకరోజు చాచా గది నుంచి ఇంటికి వస్తుంటే బాపు తన కోరిక బయటపెట్టాడు. "నా బతుకంత ఎన్కనే కూసున్న. గందుకు నాకేం రంది లేదు. కని నువ్వు నడుమ కూసోవాలె బిడ్డా. ఒక్కదానివే కొట్టాలె. నేను ఎన్కకెంచి చూడాలె." అంతకు ముందు గాని, ఆ తర్వాత గాని ఆయన నన్ను ఏదీ కోరలేదు. అందుకే మెట్రిక్ కాగానే హైదరాబాదు సంగీత కాలేజీలో చేర్పించాడు. చుట్టాలు నోళ్లు నొక్కుకున్నారు.

కాలేజీలో హిందుస్తానీ వాళ్లు ఒకవైపు, కర్ణాటక సంగీతం వాళ్లు ఇంకోవైపు ఉండేవారు. మధ్యలో వరండా. ఒకరి గదిలోకి ఒకరు తొంగి చూసేవాళ్లు కూడా కాదు. నేను హిందుస్తానీ వైపు. నలుగురు కలిసి వాయించే క్లాసులో నాకు తిరుగులేదు. పక్కవాడు తాళం తప్పబోతే వాడికంటే ముందు నాకు తెలిసేది. ఒంటరిగా వాయించే క్లాసులో మాత్రం నా పని అన్యాయంగా ఉండేది. ఒక వరస ఎత్తుకొని, రెండు మలుపులు తిప్పి, ఇక చాలులే అన్నట్టు కింద పెట్టేసేదాన్ని. మా గురువు గారు కోప్పడే మనిషి కాదు. ఆయనే ఒకనాడు ఫిడేలు కమాను నా చేతిలో నుంచి లాక్కున్నారు. "ఎవరి కోసం ఎదురుచూస్తున్నావు? గదిలో నువ్వూ నేనే కదా ఉన్నాం. నేను పాడనని నీకు తెలుసు కదా!" అన్నారు.

ఆ మాట నాకు బాగా తగిలింది. హాస్టలు మిద్దె మీద కూర్చొని, ఒక్క వరసనే పట్టుకొని, విసుగు పుట్టి, విసుగు పోయి, మళ్లీ కొత్తగా అనిపించేదాకా వాయించేదాన్ని. తోటి అమ్మాయిలు దిండ్లు చెవులకు అడ్డం పెట్టుకునేవారు. మొండిపట్టు నాకు అమ్మ నుంచి వచ్చింది, దాన్ని అప్పుడు వాడుకున్నాను. చివరి ఏడాదికి నేను ఒంటరిగా చాలాసేపు వాయించగలిగాను. నా వరస నాకే బాగుందనిపించడం మొదలైంది. అది ఎంత పెద్ద సంగతో పుట్టుకతోనే ధైర్యమున్నవాళ్లకు తెలియదు.

అప్పుడే కొత్త ప్రిన్సిపాల్ గారు ఒక పద్ధతి పెట్టారు. చివరి పరీక్ష కాలేజీలో కాదు, విద్యార్థి సొంత ఊళ్లో, ఊరివాళ్ల ముందు వాయించాలి. మొదట ఒంటరిగా, తర్వాత ఇంకొకరికి సంగత్. పక్కన వాయించేవాళ్లు కూడా ఆ ఊరివాళ్లే అయి ఉండాలి. పరీక్ష చేసే ఆయన రైలెక్కి వచ్చి విని పోతారు. ఊరి ముందు వాయించిందే లెక్క, మళ్లీ అవకాశం ఉండదు. ఒంటరి వాద్యంలో ఫస్టు క్లాసు వచ్చినవాళ్లనే రేడియోకు పంపుతారు. తక్కినవాళ్లు ఏ వాద్యబృందంలోనో ఒక మూల కూర్చోవలసిందే.

నా పక్కన తబలా ఎవరన్న ప్రశ్నే రాలేదు. ఆ చలికాలం నేను సెలవు దొరికితే చాలు రైలెక్కి ఇంటికి వచ్చేదాన్ని. బాపు అడ్తి నుంచి రాగానే ఇద్దరం కూర్చునేవాళ్లం. అప్పటిదాకా మేమిద్దరం ఎప్పుడూ చాచాకు చెరో పక్కనే వాయించాం. చాచా లేకుండా, నాకోసం బాపు వాయించడం అదే మొదలు. నేను కొంచెం తడబడితే ఆయన తబలా మెత్తబడేది. నేను నిలదొక్కుకుంటే మళ్లీ గట్టిపడేది. ఒక్కమాట మాట్లాడుకునేవాళ్లం కాదు. నా జీవితంలో అంత హాయిగా ఎవరితోనూ వాయించలేదు. ఈ మాట అప్పుడే ఆయనతో అని ఉండవలసింది. ఏదో ఎప్పటికీ ఉండేదే కదా అనుకున్నాను.

పరీక్షనాడు మా ఊరి బడి హాలులో బెంచీలు పక్కకు జరిపి జంపఖానాలు పరిచారు. చాచా దుకాణం మూసి షేర్వానీ వేసుకొని వచ్చాడు. బాపు పనిచేసే అడ్తి మొత్తం వచ్చింది. కోహీర్ నుంచి, చిరాగ్‌పల్లి నుంచి బాపు తోటి భజనవాళ్లు వచ్చారు. నేను నడుమ కూర్చున్నాను. బాపు కుడివైపు, కొంచెం వెనక్కి. ఉతికిన ధోవతి, నెత్తికి నూనె. పెళ్లికొడుకు తండ్రిలాగా ఉన్నాడు.

మా గురువు గారికి జ్వరం తగిలిందట. ఆయన బదులు వరండా అవతలివైపు నుంచి కర్ణాటక సంగీతం ఆచార్యులు వచ్చారు. గోదావరి జిల్లాల మనిషి. మంచి రసికులు, మాటలో తొందర ఎక్కువ. సంగీతం ఏదైనా సంగీతమే కదా అని అందరూ అనుకున్నారు, నేను కూడా.

మొదలుపెట్టాను. భయం కొద్దిసేపే. తర్వాత నా చేతికి నేనే దొరికాను. ఒక వరస ఎత్తుకొని మెల్లగా తిప్పుతూ పోతుంటే, ఒకచోట నేను అనుకోని మలుపు ఒకటి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. హాలులో గుసగుసలు ఆగిపోయాయి. ముందు వరసలో ఆచార్యులు కుర్చీలో నుంచి సగం లేచి, వేలు గాలిలో ఆడిస్తూ "సంగతమ్మా! సంగతమ్మా!" అన్నారు.

అప్పుడేనా? ఇంకా సగం కూడా కాలేదు కదా! ఒంటరిగా వాయించింది చాలు, సంగత్ చూపించు అంటున్నారు. నా వాద్యం ఆయనకు నచ్చలేదు. ఈ ఆలోచన పూర్తి కాకముందే నా చెయ్యి పక్కకు తప్పుకుంది. లహరా పట్టాను. లహరా అంటే, తబలా ఒంటరిగా వాయిస్తుంటే ఫిడేలు ఒక చిన్న వరసనే తిప్పి తిప్పి వాయిస్తూ దానికి ఆధారంగా ఉండటం. బాపు వైపు తిరిగి, కానియ్యమన్నట్టు తల ఊపాను.

బాపు ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత వాయించాడు.

అట్లా వాయించగలడని నాకు తెలియదు. మా ఊరికీ తెలియదు. ఇన్నేళ్లు చాచా పాట కింద అణిగి ఉన్నదంతా బయటికి వచ్చింది. మొదట చాచానే "క్యా బాత్ హై!" అని అరిచాడు. తర్వాత అడ్తివాళ్లు, భజనవాళ్లు, బడి పంతుళ్లు, కిటికీలు పట్టుకొని వేలాడే పిల్లలు అందరూ కేకలు. వాహ్ వాహ్ అన్న మాట మొదటిసారి బాపు వైపు వచ్చింది. ఆయన తల ఎత్తాడు. ఆ ముఖం నేను మరిచిపోలేదు. చెమటలు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. నేను నా బాధ మరిచిపోయి, లహరా తిప్పుతూ ఆ ముఖాన్నే చూస్తూ కూర్చున్నాను. నాకు ఇచ్చిన గంట సమయం అట్లా అయిపోయింది.

తర్వాత హెడ్మాస్టరు గదిలో ఆచార్యులకు చాయ్ ఇచ్చారు. నేను పోయి నిలబడ్డాను. ఆయన కప్పు కింద పెట్టి, నిజమైన బాధతో అడిగారు.

"ఏమ్మా, అంత బంగారంలాంటి మలుపు పట్టావు. ఇంకో నాలుగు సంగతులు వెయ్యవే తల్లీ అని నేను మొత్తుకుంటుంటే, చేతులు దులిపేసుకుని తబలాకి అప్పజెప్పేశావేం?"

"మీరు సంగత్ అన్నారు కదండీ" అన్నాను.

"సంగత్ ఎక్కడన్నానమ్మా? సంగతి, అమ్మా, అన్నాను. మా సంగీతంలో సంగతి అంటే, పట్టిన వరసనే కొత్తకొత్తగా మార్చి మార్చి చూపించడం. ఇంకా వాయించు, ఇంకా వాయించు అని అడిగాను."

అప్పుడు ఆయనకూ అర్థమైంది. నవ్వబోయి ఆగిపోయారు. సంగతి అమ్మా అన్నా, సంగత్ అమ్మా అన్నా నోట్లో పలికేది ఒకటే. సంధి కలిపి మాట్లాడటం తెలుగువాళ్లందరికీ ఉన్నదే, అందులో ఆయన తప్పేం లేదు. వరండా ఆ వైపువాళ్లు ఎవరైనా అయితే ఆయన మాటను సరిగా వినేవారు. ఆ చెవి మా ఊళ్లో పెరగలేదు. నాకు మాత్రం ఆ మాట మీద ఇప్పటికీ కోపం. ఇంకా కావాలి అని ఒక మనిషి లేచి నిలబడి అడిగితే, ఇక చాలు అని విన్నాను.

వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. ఆచార్యులకు ఇద్దామని కోహీర్ జామకాయల బుట్ట పట్టుకొని బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు. బుట్ట మెల్లగా బల్ల మీద పెట్టి, "మంచి పండ్లు సార్, రైల్ల తినున్రి" అని బయటికి పోయాడు.

ఇంటికి నడుస్తూ నేనే మొదలుపెట్టాను. "బాపూ, నేను తప్పు విన్న. నీదేం లేదు."

"నువ్వు తప్పు ఇన్నవు. నేను సక్కగనే చూసిన గద" అన్నాడు. కొంతదూరం పోయాక మళ్లీ అన్నాడు. "అది నీ గంట అని నాకెరుకనే. నువ్వు లహరా పట్టంగనే ఏదో గల్బిలి అయిందని సమజైంది. తాళం నడిపే ఉత్త ఠేకా పట్టుకొని ఊకుంటే నువ్వే మల్ల అందుకుందువు. కని చెయ్యి ఆగలే బిడ్డా. జర సేపు కొడ్త అనుకున్న. జనం వాహ్ అన్నరు. ఇగ ఆగలే."

నేను ఏడ్చాను. ఫస్టు క్లాసు పోయినందుకు కాదని చెప్పాను, ఒట్టు పెట్టాను. ఆయన నమ్మలేదు. నమ్మించడానికి నా దగ్గర వేరే మాటలు లేవు. ఫలితాలు వచ్చాక ఒంటరి వాద్యంలో సెకండు క్లాసు, సంగత్‌లో అందరికంటే పైన. చాచా మిఠాయి పంచాడు. బాపు ఆ మిఠాయి తినలేదు.

ఆనాటి నుంచి నా పక్కన కూర్చుని తబలా ముట్టలేదు. చాచా పాటకు పోయేవాడు, ఎప్పటిలాగే తల వంచుకొని వాయించేవాడు. నేను ఫిడేలు తీస్తే మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి బయటికి పోయేవాడు. నేను హైదరాబాదులో ఒక వాద్యబృందంలో చేరాను. అక్కడ నా సంగత్‌కు మంచి పేరు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఈసారి బాపుతో గట్టిగా మాట్లాడాలి అనుకునేదాన్ని. ఆయన చెరకు ధర గురించి, అమ్మ మోకాళ్ల గురించి మాట్లాడేవాడు. నేనూ అవే మాట్లాడి తిరిగి రైలెక్కేదాన్ని.

కొన్నేళ్లకు చాచా పట్టుబట్టి మా ఊళ్లో నా ఒంటరి కచేరీ పెట్టించాడు. అదే బడి హాలు. పక్కన వాయించడానికి బీదర్ నుంచి పేరున్న తబలా ఆయనను మాట్లాడాడు. నాకు అది ఇష్టం లేదు. రెండు రోజుల ముందే ఊరికి వచ్చాను. ఈసారి కాళ్లు పట్టుకొని అయినా బాపును ఒప్పించాలని వచ్చాను. ఇంట్లోకి రాగానే చూస్తే, గోడవారగా తబలా ఉండే చోటు ఖాళీగా ఉంది.

"తబలా ఏది?" అన్నాను.

అమ్మ లోపలికి పోయింది. బాపు మంచం మీద కూర్చొని ఉన్నాడు. "బీదర్ ఆయనకు ఇచ్చిన" అన్నాడు. "ఆయన చెయ్యి మంచిది, కని ఆయన తబలా పాతది. సప్పుడు బొంగురుగున్నది. నువ్వు నడుమ కూసున్నప్పుడు నీ ఎన్కాల మంచి తబలా ఉండాలె గద."

"నువ్వు ఉండాలె బాపూ. నాకు నువ్వు గావాలె" అన్నాను. ఎన్నేళ్ల నుంచో అనవలసిన మాట అప్పుడు అన్నాను.

ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "ఇవి నీ పాట ఇంటే ఊకోవు బిడ్డా. ఇంకోపారి నీ గంట తింటయి" అన్నాడు.

కచేరీ బాగా జరిగింది. నేను నడుమ కూర్చున్నాను, బాపు ముందు వరసలో కూర్చున్నాడు. వెనక నుంచి చూస్తానన్న మనిషి ముందు నుంచి చూశాడు, అంతే తేడా. ఆయన ముఖం నిండా సంతోషమే. అది నటన కాదు, నాకు తెలుసు. నా చెవిలో పడుతున్నది ఆయన తబలా చప్పుడే. చెయ్యి ఆయనది కాదు. ఒకచోట నేను ఒక వరస ముగించి కొత్తది ఎత్తుకోబోతూ, కొంచెం ఆగాను. ఆ సందులో బాపు అయితే మెత్తగా ఒక్క దెబ్బ వేసేవాడు. బీదర్ ఆయన వేయలేదు. ఆయనకేం తెలుసు పాపం. ముందు వరసలో బాపు కుడిచెయ్యి మోకాలి మీద నుంచి లేచింది. గాలిలో ఆగింది. ఎవరైనా చూశారేమోనన్నట్టు ఆయన అటూ ఇటూ చూసుకొని, ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకొని ఒడిలో పెట్టుకున్నాడు.